మెట్ల కింద రూములో అనసూయ మేడం ఎక్స్‌టెన్షన్ బాక్స్

ముందుగా క్షమాపణలు.

మా డిగ్రీ కాలేజీ ప్రిన్సిపల్ గారికి, డిసిప్లిన్ కమిటీకి, ప్రతి క్లాసు గోడకీ అతికించిన పద్నాలుగు రూల్సుకి, వాటికి లామినేషన్ చేయించిన మహానుభావుడికి, ఈ పోస్టు చదివి నొచ్చుకోబోయే సమస్త ప్రజానీకానికి చేతులు జోడించి, శిరసు వంచి సారీ చెప్తాండా.

అయిపోయింది. ఇంక రాసేది రాస్తా.

నిన్న పొద్దున యశ్వంతనగర్‌లో, ఇనుప ఓర్ మోసే లారీల తూకం కాడ, నా కంప్యూటర్ ముందర కూర్చోని ఉండా. బ్యాచ్ గ్రూపులో హులుగప్ప మెసేజ్.

"అనసూయ మేడం పోయినారంట. హార్ట్ అటాక్."

ఆ గ్రూపులో అబద్ధాలు పెట్టే డిపార్ట్‌మెంట్ నాది. హులుగప్పకి ఆ టాలెంట్ లేదు.

అందుకే నమ్మినా, తూకం చీటీలు కొట్టేది ఆపేసినా.
వెనక లారీలోళ్ళు హారన్ కొడతానే ఉండారు.

మేడం తెలీనోళ్ళకి చెప్తా. ఆమె హిస్టరీ లెక్చరర్. నేను బీకామ్. ఆమె క్లాసులో నేనెప్పుడూ కూర్చోలేదు. కెంచనగుడ్డ పక్కన, ఆంధ్ర నుంచి సేద్యానికి వచ్చి స్థిరపడినోళ్ళ క్యాంపులో పుట్టి పెరిగిన మనిషి. నేను "యాడ" అంటే, "ఎక్కడ అనరా అబ్బాయ్" అని నవ్వేవారు. మేము ఆమెది సినిమా తెలుగు అనేవాళ్ళం.

హిస్టరీ చాలదన్నట్టు కౌన్సెలింగ్ సెల్ కూడా ఆమెకే అంటగట్టినారు. మెట్ల కింద రూము. బయట బోర్డు. లోపల రెండు కుర్చీలు, చిరిగిన వాలీబాల్ నెట్టు.

మొదటి ఏడాది ఒక్కరూ పోలేదు. ఎట్లా పోతారు? ఆ రూములోంచి బయటికి వచ్చినోన్ని "హుచ్చ" అంటారు, కన్నడలో పిచ్చోడని. డిగ్రీ చేతికొచ్చేదాకా అంటానే ఉంటారు.

మేడం ఒక రోజు ఆ బోర్డు పీకేసినారు. ఇంటి నుంచి ఆరు ప్లగ్గుల ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చి టేబుల్ మీద పెట్టినారు.

గోడ మీద రూల్ నంబర్ తొమ్మిది: కాలేజీలో ఫోన్ చార్జింగ్ నిషేధం. క్లాసుల్లో ప్లగ్ పాయింట్లు కూడా మూసేసినారు. రూపనగుడి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే నాలాంటోళ్ళ ఫోన్ మధ్యాహ్నానికే చచ్చిపోయేది.

మేడం షరతు ఒకటే. ఫోన్ పెట్టేసి పోకూడదు. యాభై పర్సెంట్ ఎక్కేదాకా పక్కనే కూర్చోవాల.

ఊరికే ఎంతసేపని కూర్చుంటాం?
మాట్లాడతాం.

ఆమె పేపర్లు దిద్దుకుంటా, తల ఎత్తకుండా వినేవారు. ఆ రూములో కూర్చున్నాకనే ఒకమ్మాయికి హాస్టల్ సీటు దొరికింది. ఒకడు తాగుడు మానినాడు. హులుగప్ప ఏడ్చినాడు. ఎందుకో ఇప్పటికీ చెప్పడు.

ఇంక నా కేసు.

ఇంట్లో తెలుగు, స్కూల్లో కన్నడ, కాలేజీలో ఇంగ్లీష్. బిజినెస్ లా క్లాసులో సార్ నోరు కదిలేది కనపడేది, అంతే. రెండు సబ్జెక్టులు పోయినాయి. మానేసి ఓర్ లారీ మీద క్లీనర్‌గా పోవాలని డిసైడ్ అయిపోయినా. ఆ మాట కూడా మామూలుగా చెప్తే నా పరువేం కావాల? ఫోన్ ప్లగ్గుకి పెట్టి, ఈ నెలతో విద్యారంగానికి నా సేవలు చాలిస్తాండానని గంభీరంగా ప్రకటించినా.

మేడం పెన్ను ఆగింది.

"ఎందుకురా?"

"పాఠం అర్థం కాదు మేడం. అందుకే అందర్నీ నవ్విస్తాండా."

ఆ మాట నేను అనాలనుకోలేదు. వచ్చేసింది.

ఆమె ధైర్యం చెప్పలేదు. సొరుగు లాగి, యూనివర్సిటీ రూల్స్ పుస్తకం తీసి, ఒక పేజీ మీద వేలు పెట్టినారు. పరీక్ష కన్నడలో రాయొచ్చు. ఎప్పటి నుంచో ఉండాది ఆ రూలు. మాకు చెప్పినోళ్ళు లేరు.

"గోడ మీద అతికించేవన్నీ చేయకూడనివే అబ్బాయ్. చేయొచ్చు అన్నవి ఇదిగో, ఇందులో దాచారు."

తర్వాత రెండు నెలలు, లంచ్ అయినాక రోజూ కూర్చోబెట్టినారు. నేను కన్నడలో చదివేది, ఆమె తెలుగులో విడమర్చేది. లా ఆమె సబ్జెక్టు కాదు. ఇద్దరమూ తప్పు అర్థం చేసుకున్న రోజులు బోలెడు.

పాస్ అయినా. ఫస్ట్ క్లాస్ ఏం కాదు, పాస్. ఈ పొద్దు కంప్యూటర్ ముందు కూర్చోని జీతం తీసుకుంటాండానంటే, అదే.

ఆఖరి సెమిస్టర్‌లో ప్రిన్సిపల్ గారే స్వయంగా వచ్చి బాక్స్ పీకి, వైరు చుట్టుకోని పోయినారు. పాత బోర్డు మళ్ళీ తగిలించినారు.

మళ్ళీ ఒక్కరూ పోలేదు.

మేడం మాత్రం తలుపు బార్లా తెరిచి, ఒక్కరే కూర్చోని పేపర్లు దిద్దుకునేవారు. నేను ఆ పక్కన పోతా చెయ్యి ఊపేవాణ్ణి. ఆగేవాణ్ణి కాదు.

ఇప్పుడు నా బ్యాగులో రెండు పవర్ బ్యాంకులు ఉండాయి.
యాడ కూర్చోవాలో తెలీదు.

ఇంకొకటి ఉండాది. బ్యాచ్ అంతా చదవండి.

ప్రిన్సిపల్‌కి ఆ బాక్స్ సంగతి చెప్పింది అటెండర్ ఎర్రిస్వామి అని మనమంతా ఆయనతో మాటలు మానేసినాం. ఫేర్‌వెల్ రోజు ఆయనకి స్వీటు కూడా ఇయ్యలేదు.

ఎర్రిస్వామన్న కాదు. నేను.

పరీక్షలకి మూడు వారాల ముందు, వరండాలో ఫోన్‌తో దొరికిపోయినా. కాలేజీలో ఒక్క ప్లగ్గు లేదు, సాయంత్రం నాలుగింటికి నీ ఫోన్‌లో తొంభై పర్సెంట్ యాడి నుంచి వచ్చిందప్పా అని అడిగినారు ప్రిన్సిపల్. చెప్పకపోతే హాల్ టికెట్ లేదన్నారు.

రెండు సెకండ్లు కూడా ఆలోచించలేదు. "మెట్ల కింద, మేడం రూములో" అన్నా.

హాల్ టికెట్ ఇచ్చినారు. అది పట్టుకోని పోతాంటే మేడం ఎదురొచ్చి, "బాగా రాయి అబ్బాయ్" అన్నారు. ఆమెకి తెలుసో లేదో నాకు తెలీదు. అడగలేదు.

పోయిరండి మేడం. ఆడన్నా పక్కన ఎవరో ఒకరు ఉండాల, మీరు నిమ్మళంగా ఉండాల.