మంగకి గడువు వచ్చే సంత

మా జగన్నాధం తాతకి ఉన్న జబ్బు ఒక్కటే. కంటికి కనబడిన ప్రతిదానికీ గడువు చెప్పేస్తాడు.

కోటబొమ్మాళి పక్కన పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఏ పశువు ఎన్నాళ్లుంటుందో చూసి చెప్పే ఆ చూపు, ఉద్యోగం అయిపోయాక చీపుళ్ల మీదా, చెప్పుల మీదా పడింది. "ఈ సీపురు ఇంకో పద్దెనిమిది రోజులు" అంటే, పంతొమ్మిదో రోజు నాయనమ్మ చేతిలో పిడి మిగలాల్సిందే. అలిగి భోజనానికి రాని కొత్తల్లుడు కామేష్‌ని గుమ్మంలోంచి ఓసారి చూసి, "బుధవారం, రొయ్యల కూర దాకా" అన్నాడు. బుధవారం మధ్యాహ్నం కామేష్ మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు. వెంకీ టీ కొట్టు దగ్గర తాత మాటంటే పంచాంగమే.

ఇంత పేరూ మంగ అనే వీధికుక్క వల్ల పోయింది.

మంగ పొట్ట కింద గడ్డ లేచింది. తాత దాన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చరిత గడ్డ కోసి తీసి, ముక్కని పరీక్షకి పంపింది. కుట్లు మానేదాకా మంగ మా వసారాలో ఉంది. తాడు విప్పగానే సొంతింటికి పోయినట్టు పక్కింటి ధనరాజు గేటు ముందుకి పోయి పడుకుంది. ధనరాజు గోనెసంచి తీశాడు, ఊరవతల వదిలేస్తానని.

ఆ రోజే రిపోర్టొచ్చింది. కేన్సరే. తాత దాన్ని మడిచి జేబులో పెట్టుకుని టీ కొట్టు దగ్గర చెప్పాడు.

"మంగకి గడువు వచ్చే సంత దాకా."

"అయిదు రోజులేనేటి మావా?" ధనరాజు సంచి కింద పడేశాడు. "అయితే ఉండనీ. పోయే జీవం."

సాయంత్రం ముల్లు తీసి చేపముక్క పెట్టాడు. ఎదురింటి జగ్గమ్మ గుడ్డు ఉడకబెట్టింది. సంత వచ్చింది, వెళ్లింది. మంగ తోకాడిస్తూనే ఉంది.

"లెక్క తప్పినాది మావా."

"ఎండలు తగ్గినాయిరా, అందుకు. వచ్చే సంతకి ఖాయం."

ఇలా తొమ్మిది సంతలు గడిచాయి. మంగ దూడలా తయారైంది. వెంకీ టీ తిరగబోస్తూ, "తాతా, నా కొట్టుకీ గడువు సెప్పు. నువ్వు రేపంటే నా మనవడి దాకా నడుస్తాది" అన్నాడు.

మా రాజకుమారి నాయనమ్మకి తల కొట్టేసినట్టయింది. నేరుగా చరిత దగ్గరికి పోయింది.

"కుక్కల కేన్సరుకి రోజులెలాగ కడతారమ్మా? మా ఆయన మర్సిపోయినట్టున్నాడు."

"రోజులు కట్టలేం మామ్మగారూ. గడ్డ ఎంతుంది, వేలితో తోస్తే జరిగిందా, లోపల అతుక్కుపోయిందా, పక్కకి పాకిందా, మైక్రోస్కోపులో ఎంత దూకుడుగా ఉంది, ఇవన్నీ చూసి ఓ అంచనాకి వస్తాం. మంగది చిన్న గడ్డ, పాకలేదు, నెమ్మదైన రకం. రెండేళ్లు హాయిగా ఉండొచ్చు. తాతగారికి ఆ రోజే చెప్పానే."

నాయనమ్మ ఇంటికొచ్చేసరికి తాత మంగ పొట్ట తడిమి చూస్తున్నాడు, కొత్త గడ్డేమైనా లేచిందా అని.

"బావా, రెండేళ్లని నీకు ముందే తెలుసేటి?"

"తెలుసు."

"మరి ఊరు ఊరంతా నవ్వుతంటే పళ్లికిలిస్తావేటి?"

"రెండేళ్లని సెప్తే ధనరాజు ఆ పూటే సంచిలో ఏసేసును. రెండేళ్లు ఎవులు పెడతారే? సంత దాకా అంటే ఎవులైనా పెడతారు."

నాయనమ్మ బయటికొచ్చింది. గేటు దగ్గర ధనరాజు చేపలో ముళ్లు ఏరుతున్నాడు.

"అత్తా, మావకి సెప్పకు" అన్నాడు గొంతు తగ్గించి. "ఈసారి కూడా మావ లెక్క తప్పాలని శ్రీముఖలింగం గుళ్లో మొక్కుకున్నాను."

నాయనమ్మ పెదాలు బిగించి నవ్వాపుకుంది. గిన్నెలోకి తొంగి చూసి, ధనరాజు పక్కకి తీసి పెట్టుకున్న పెద్ద ముక్క మంగ ముందు వేసింది.

"మొక్కు ఒక్కటీ సాలదురా" అంది. "మీ మావ ఈసారి గట్టిగా సెప్పినాడు."