గంగాళం నిండా నీళ్ళు

పెనుకొండలో మా ఇల్లు చేయి జారాక, అరవయ్యో దశకం మొదట్లో, నేను హిందూపురంలో ఒక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేవాణ్ణి. పొద్దున్నే లేచి, మా ఇంటినుంచి తెచ్చుకున్న రాగి గంగాళాన్ని చింతపండుతో తోమి, నీళ్ళు నింపి, స్నానం చేసి, బెల్లం మండీలో రాతపనికి వెళ్ళేవాణ్ణి.

పెరట్లో కొళాయి, దానికొక మీటరు ఉండేవి. ఆ కొళాయి కోసమే తాహతుకు మించిన అద్దె ఒప్పుకున్నాను. మా నాయన ఏనాడూ బిందె మోయలేదు. వీధి కొళాయి దగ్గర వరుసలో నిలబడడం నా వల్ల అయ్యే పని కాదు.

కానీ నీళ్ళ బిల్లు భరించలేనంత వచ్చేది. రెండు కట్టలేకపోయాను. మూడోది కూడా కట్టకపోతే కొళాయి పీకేస్తారని మీటరు చూసే మనిషి చెప్పాడు.

"ఒక్కరే ఇన్ని నీళ్ళు ఏం చేస్తాండారు సామీ? ఎనుముల్ని కడుగుతాండారా?" అని నవ్వాడు కూడా.

నేను నవ్వలేదు. బట్టలు వారానికోసారి ఉతికాను. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తొలిచాను. అయినా మీటరు తగ్గలేదు. అంటే ఎవరో దొంగిలిస్తున్నారు.

పక్కింట్లో ధర్మవరం నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. ఆమెకు కొళాయి లేదు. వీధిలోంచి రోజుకు రెండు బిందెలు మోసుకొచ్చేది. అయినా ఎండాకాలంలో ఆమె గోడవారన అరటిచెట్లు నవనవలాడేవి. వాటికి నీళ్ళెక్కడివి? భూమి తగాదాలో కోర్టు వాయిదాకని నేను పెనుకొండ వెళ్ళే రోజులు ఆమెకు బాగా తెలుసు.

కొళాయికి ఇనుప పెట్టె చేయించి తాళం వేశాను. వాయిదాకు పోతూ మీటరు అంకెను బొగ్గుతో గోడ మీద రాశాను. తిరిగొచ్చి చూస్తే అంకె కదల్లేదు. తాళం చూసి అవ్వ జాగ్రత్తపడిందనుకున్నాను.

చివరికి ఒక పొద్దున గోడ మీదుగా అడిగేశాను. "అవ్వా, ఈ అరటికి నీళ్ళు యాడివి?"

"యాడివేమప్పా, నీవే."

"ఒప్పుకుంటాండావే!"

"ఒప్పుకునేదేముండాది? తెల్లారితే గంగాళం బోర్లిస్తాండావు. ఆ నీళ్ళన్నీ మీ తూములోంచి ఈడికే వస్తాండాయి. ఒక్కడివే కదా, అంత దేనికి? కనబడనోళ్ళు ఎంతమంది ఉండారప్పా మీ ఇంట్లో?"

పెనుకొండలో మా ఇంట్లో నిన్నటి నీళ్ళు ఎవరూ ముట్టేవారు కాదు. తెల్లవారగానే పారబోసి, గంగాళం తోమి, అంచు దాకా కొత్తనీళ్ళు నింపాలి. ఇరవైమంది స్నానాలకు సరిపోయే గంగాళం అది. నాకు కావలసినవి ఆరు చెంబులు. ఎన్ని పొదుపులు చేసినా దాని జోలికి పోలేదు. అది నీళ్ళు వాడడమని నాకు తోచనే లేదు, ఇంటి పద్ధతి అనుకున్నాను.

ఆ రోజే గంగాళాన్ని గోడవారన బోర్లించి బకెట్టు కొన్నాను. మూడో బిల్లు సగానికి పైగా తగ్గింది. కట్టాను, కొళాయి నిలిచింది. తాళం వేయడం మాత్రం మానలేదు.

కొన్నాళ్ళకు అరటాకులు వాడాయి. అవ్వ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏమప్పా, నీళ్ళు వస్తా లేవే? ఒంట్లో బాగుండాదా?"

ఆమె అడిగింది నా గురించో, నీళ్ళ గురించో ఇప్పటికీ నాకు అనుమానమే. మర్నాటి నుంచి మాత్రం స్నానం పీటను తూము దగ్గరికి జరుపుకుని, నీళ్ళు అటే పారేలా స్నానం చేశాను.