అగ్గి అడిగే పొడి

మొన్న ఆదివారం మా కెమిస్ట్రీ టీచరు పోయారు. చర్చి నుంచి మలంచాలోని ఇంటికి వచ్చి, టీ పెట్టమని కోడలికి చెప్పి, కుర్చీలో వాలి అలాగే వెళ్ళిపోయారట. మా చెల్లెలు ఫోన్ చేసి, "అప్పా, మన టీచరమ్మ పోయినారే" అంది. స్టవ్ కట్టేసి అక్కడే కూలబడి ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు?

ఖరగ్‌పూర్ తెలుగు బడిలో ఆవిడ చెప్పే పాఠం ఒంటికి తగిలేది. స్టీలు గ్లాసు నీళ్ళలో నవాసాగరం కలిపి మా చెంపలకు ఆనించేవారు. జిల్లుమనేది. "ఏటి, ఫ్రిజ్‌లో ఎట్టినానా? నీళ్ళలో ఉన్న వేడి అది తాగేసినాది" అనేవారు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతికేవారు. చూసి కూడా చెప్పేవాళ్ళం కాదు, దొంగ వెధవలం.

మా నాన్న రైలు పట్టాలు అతికే గ్యాంగులో పనిచేసేవాడు. అల్యూమినియం పొడిలో తుప్పులాంటి ఇనుప పొడి కలిపి అంటిస్తే, ఇనుము కరిగి పట్టాల సందులోకి దిగి అతుక్కుంటుంది. థెర్మిట్ అంటారు. ఇంటికొచ్చి నాన్న చెప్పేది మాత్రం ఒకటే: "అగ్గి ఎట్టందే కదల్దే. మొండిఘటం."

తొమ్మిదో తరగతి పరీక్షలో థెర్మిట్ చర్య ఎలాంటిదని అడిగారు. నాన్న మాటే వేదం కదా! వేడి పుచ్చుకునే చర్య అని రాసి పారేశాను. పేపర్లు ఇచ్చిన రోజు అది బయటపడి క్లాసంతా ఒకటే నవ్వు. "పట్టాలోడి కూతురికి థెర్మిట్ తెల్దురా!" నాకు తల కొట్టేసినట్టయింది. సైన్సూ వద్దు, బడీ వద్దు, అత్త దగ్గర కుట్టుపని నేర్చుకుంటానన్నాను. నాన్న సరేనన్నాడు. అంతే, నా చదువు అక్కడితో సరి.

మర్నాడు టీచరమ్మ పూరీ గేట్‌లో మా ఇంటికే వచ్చేశారు. నన్ను పలకరించనేలేదు.

"అన్నయ్యా, ఆ పొడి అంటించడానికి అగ్గి ఎంత కావాల?"

"మతాబు పుల్లంత అమ్మగోరూ."

"అంటుకున్నాక?"

"అమ్మో, దగ్గరికెల్లలేం! ఇనుమే నీరైపోద్ది."

అప్పుడు నావైపు తిరిగారు. "విన్నావేటే? ఇనుమూ ఆక్సిజనూ లాంటి పాత జతలు విడాలంటే ముందు కాస్త వేడి ఇవ్వాల. కొత్త జతలు కుదిరితే వేడి బయటికొస్తాది. ఇక్కడ ఇచ్చినదానికన్నా వచ్చిందే ఎక్కువ. నువ్వు మొదలు సూసినావు, సివర సూడలేదు. ఆ నవ్వినోళ్ళు మొదలు కూడా సూడలేదు. రేపు బడికి రా."

వెళ్ళాను. ఇవాళ నేను కెమిస్ట్రీ చెప్పి నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ పిలుపు చలవే.

ఆ తర్వాత ఆవిడ గ్యాంగు పెద్దను బతిమాలి, క్లాసునంతా పట్టాల దగ్గరికి తీసుకెళ్ళారు. చాలా దూరంలో నిలబెట్టారు. నల్లద్దాలు ఒక్క జతే దొరికాయి. అవి లేనివాళ్ళు వెలుగు చూడకూడదు, వీపు తిప్పి నిలబడాలి. నవ్వినవాళ్ళంతా నాకంటే నాకని ఎగబడ్డారు. టీచరమ్మ తెచ్చి నా కళ్ళకు పెట్టారు.

"ఇది సూస్తాది. మనకి సెప్తాది."

నాన్న పుల్ల అంటించి గబగబా వెనక్కి వచ్చేశాడు. భగ్గున తెల్లటి వెలుగు లేచింది. ఎర్రటి ఇనుము ధారగా కిందికి దిగింది. నేను గొంతెత్తి చెబుతున్నాను. క్లాసంతా నాకేసి తిరిగి వింటోంది. అందరికంటే ముందు టీచరమ్మ, ఆ వెలుగుకు వీపు పెట్టి, నోరు కాస్త తెరుచుకుని నా మొహమే చూస్తూ నిలబడ్డారు.