మచ్చల మందారం

మా వదిన కాపురానికొచ్చేటప్పుడు కాజీపేట నుంచి ఒక మందారం అంటు తెచ్చుకుంది. వాళ్ల నాయన అక్కడ రైలు దొరల బంగళాల్లో తోటమాలి. వరంగల్‌లో మగ్గాల సందున మా ఇల్లు. నూలు దొరక్క సగం మగ్గాలు మూలబడ్డ ఆ రెండో ప్రపంచ యుద్ధపు రోజుల్లో మా పెరట్లో పచ్చగా బతికింది అదొక్కటే. పచ్చగా అంటే అబద్ధమే. ఆకుల నిండా తెల్లతెల్లని మచ్చలు. చెట్టు నా నడుము దాటేది కాదు గానీ, చిన్న చిన్న ఎర్రపూలు విరగబూసేది.

నాయనమ్మ ఆ పూలను దేవుడి దగ్గర పెట్టనిచ్చేది కాదు. "చెట్టుకు బొల్లి లేసింది. రోగపు పువ్వు దేవునికెట్ల పెడ్తరు?" అనేది. అన్నాక నా వంక చూసి నాలుక కరుచుకునేది. ఎందుకంటే ఆ ఏడే నా మోచేతి కింద తెల్ల మచ్చ తేలింది. ఇంట్లో ఎవరూ దాని పేరెత్తకుండా నాకు పొడుగు చేతుల రవికెలు కుట్టించారు. నిండు వేసవిలో తొడిగించిన ఆ రవికెల మీద నాకు కసి ఇప్పటికీ పోలేదు.

నాయనమ్మ రోజూ బావంచాల గింజలు నూరి ఆ మచ్చకు పూసి నన్ను ఎండలో కూర్చోబెట్టేది. భగభగ మండేది. మిగిలిన ముద్ద పారెయ్యబుద్ధి కాక మందారం ఆకులకూ పూసేది! నవ్వొచ్చేది. అయినా నాతోపాటు ఇంకొకరు మందు పూసుకుని ఎండలో ఉన్నారంటే కొంచెం ధైర్యంగానూ ఉండేది.

వానలు పడ్డాక చెట్టు మొదట్లోంచి ఒక కొమ్మ లేచింది. ఒక్క మచ్చ లేదు, నిండు పచ్చ. నాయనమ్మ ఇల్లంతా తిరిగి చెప్పింది. "చూసినవా బిడ్డా, చెట్టుకు తగ్గింది. ఇగ నీకు గూడ తగ్గుతది!" రోజూ లేవగానే ఆ కొమ్మను చూసి, తర్వాత నా చెయ్యి చూసుకునేదాన్ని. కొమ్మ ఏపుగా పెరిగింది. నా మచ్చా పెరిగింది. మచ్చల కొమ్మలేమో చిక్కిపోయి పూలు మానేశాయి.

"నీ చెట్టు సస్తాంది, జర చూడవేంది వదినా?" అని ఒకరోజు నిలదీశాను.

వదిన చేతిలోని చెంబు దించింది. "ఆ పచ్చకొమ్మను మా నాయనైతే పుట్టంగనే కోసేటోడు. దాని బలం మిగిలినయాటిని బతుకనియ్యది. ఈ చెట్టు తీరే గంత, చెల్లె. రోగం గాదు."

"మరెందుకు కొయ్యలే?"

"నువ్వు పొద్దుగాల లేసి దాని మొకమే చూస్తానవు గద. నాకు చేతులాడలే."

"మరి నాది?" అన్నాను.

"నీది నాకు తెల్వదు. తగ్గుతదని అబద్ధం చెప్పలేను చెల్లె."

నా మచ్చ గురించి నాతో సూటిగా మాట్లాడిన మొదటి మనిషి ఆమె. ఏడుపొచ్చింది, ఆమె మీద ప్రేమా పొంగింది. లోపలికెళ్లి కత్తెర తెచ్చి ఆ కొమ్మను మొదలంటా నేనే కోసేశాను. ఇక మందు పూయించుకునేది లేదని కూడా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

సాయంత్రం నాయనమ్మ చూసింది. వదిన మీద విరుచుకుపడుతుందేమోనని "నేనే కోసిన" అని ముందే అరిచాను. ఆమె తిట్టలేదు. కోసిన కొమ్మను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూలబడి, "అయ్యో బిడ్డా, ఇగ నీకెట్ల తగ్గుతదే" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ కొమ్మను నాకంటే ఎక్కువ నమ్ముకున్నది ఆమేనని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున రవికె చెయ్యి నేనే పైకి మడిచి ఆమె ముందు కూర్చున్నాను. "మందు పుయ్యి, నాయనమ్మా" అన్నాను.