నాలుగో అంచు

పశువుల తొట్టిలో బాలయేసు బొమ్మను ఎప్పుడు పెట్టాలన్న దాని మీద మా వదిన ఒకసారి చర్చి పెద్దలతో తగాదా పడి గెలిచింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఒక్క మాట సాయం చెయ్యలేదు. ఆ అవసరం ఆమె రానివ్వలేదు.

పదకొండేళ్ళ కిందట, ఆగమన కాలం మొదటి ఆదివారం. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు, ఆదివారానికో కొవ్వొత్తి వెలిగిస్తాం. ఆ రోజు మొదటిది వెలిగించాం. పూజ అయిపోయింది, జనం ఇంకా కదల్లేదు. మా సంఘానికి పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు గారు, పండగకని గుళ్ళో కట్టిన పశువుల పాక ముందు నిలబడ్డారు.

"బొమ్మను ఈరోజే పెట్టేద్దాం. పండగ రద్దీలో ఎవరికీ సరిగ్గా కనపడదు. పిల్లలు తీరిగ్గా ఫోటోలు తీసుకుంటారు."

ఆ బొమ్మకు ఏటా కొత్త గుడ్డ కుట్టేది మా వదిన. ఆమెది దర్జీపని. బొమ్మ అప్పటికే ఆమె సంచిలో ఉంది.

"ఇంకా గుడ్డ కుట్టలేదండీ," అంది.

"పాతది చుట్టండి."

"కొలతలు తియ్యాలి."

"బొమ్మ కొలతలు ఏటేటా మారతాయా అమ్మా?"

"మీ నడుము కొలత మారడం లేదూ?"

నవ్వని వాళ్ళు లేరు. ఫాదర్ గారు దగ్గొచ్చినట్టు గోడవైపు తిరిగారు. హెడ్మాస్టరు గారి మొహం జేవురించింది.

"అసలు ఆగమనం అంటే ఏమిటో తెలుసా మీకు? రాక! వచ్చేవాణ్ణి తీసుకెళ్ళి సంచిలో దాస్తారా ఎవరైనా?"

"రాకో పోకో నాకేం తెలుసు సార్, చదువుకున్నదాన్నా? ఏటా ఫాదర్ గారి నోట వింటున్నాను, ఆగమనం, ఆగమనం అని. ఆగమంటున్నారు కాబోలనుకున్నా. ముప్పై ఏళ్ళుగా ఆగుతున్నా."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా లేచింది, ఆమె మీద. సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి. ఆమె సంచి చంకలోకి సర్దుకుంది.

"నవ్వండి, బాగా నవ్వండి. నెలలు నిండని ఆడమనిషి దగ్గరికెళ్ళి, ఏదీ బిడ్డ, ఇప్పుడే చూపించు, ఫోటో కావాలి అంటారా? ఆ తల్లికి ఇంకా నాలుగు వారాలుంది. ఆగండి."

చివరికి హెడ్మాస్టరు గారి భార్యే లేచి, "ఇంటికి పదండి, చాల్లే," అంది ఆయనతో. తొట్టి ఖాళీగా ఉండిపోయింది. ఆ రోజు నుంచి మా వదినకు ఆగమ్మ అని పేరు పడింది. వెక్కిరించడానికి పెట్టారు. ఆమె దాన్ని పతకంలా తగిలించుకుని తిరిగింది. ఎవరైనా గుమ్మంలో నిలబడి, "ఆగమ్మా, నా చొక్కా అయిందా?" అంటే, నోట్లో గుండుసూదులు పెట్టుకునే, "నా పేరు పిలిచావుగా, అదే జవాబు," అనేది.

ఆమెది ఒకటే గది. కిటికీ కింద కుట్టుమిషన్, గోడ మేకులకు దారపు ఉండలు, మెడలో టేపు. బొమ్మ గుడ్డను మాత్రం మిషన్ మీద పెట్టేది కాదు. మూరెడు తెల్ల గుడ్డ కత్తిరించి, ఆదివారానికి ఒక్క అంచు చొప్పున చేత్తో మడిచి కుట్టేది. నాలుగు ఆదివారాలు, నాలుగు అంచులు. మిగతా అంచులు పీచు లేస్తూ వారమంతా అలాగే ఉండేవి. "నాలుగు నిమిషాల పనికి నాలుగు వారాలా?" అని నేను దెప్పేదాన్ని. దెప్పే హక్కు నాకు లేదు. ఎందుకో చెబుతాను.

పెళ్ళైన రెండో ఏట ఆమె కడుపుతో ఉంది. బిడ్డ కోసం ఒక గుడ్డ కత్తిరించుకుంది. అప్పుడే నాకు పెళ్ళి కుదిరింది. నా పెళ్ళి గౌను ముందు కుట్టమని రోజూ ఆమె నెత్తిన కూర్చున్నాను. "ఆగవే, దీని అంచులు మడిచేసి నీది పడతాను," అంటే విన్నానా? ఆమె గుడ్డను పక్కన పెట్టి నా గౌను పట్టుకుంది. ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. బిడ్డ ఒక్కరోజు బతికాడు. అంచులు కుట్టని ఆ గుడ్డలోనే చుట్టి పంపాం. దారప్పోగులు వేళ్ళాడుతూ ఉండటం నా కళ్ళతో చూశాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నోరుంది కదా, అనొచ్చు. అనలేదు.

అందుకే నవంబరు రాకముందే నక్షత్రాలు వేళ్ళాడదీసి, డిసెంబరు మొదటి వారానికే పండగతో విసిగిపోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దేవుడంతటివాడే తొమ్మిది నెలలు తల్లి కడుపులో ఆగాడు. మీకేం ముంచుకొచ్చింది? నేను చదివింది మూడో తరగతి. హెడ్మాస్టరు గారు చెప్పిన అర్థమే పుస్తకాల్లో ఉంటుందట, ఉండనివ్వండి. రాక ఆయన పని, ఆగడం మన పని. మన పని మా వదిన చేసింది, సూదితో.

ఈ ఏడు ఆమె ఊపిరితిత్తులు చెడిపోయాయి. మూడో అంచు మంచంలో దిండుకు ఆనుకుని కుట్టింది, కుట్టుకో ఆయాసం. సోమవారం ఇప్పటి ఫాదర్ గారు వచ్చారు. మంచివాడు, కుర్రవాడు.

"అమ్మా, బాలయేసును రేపే తొట్టిలో పెడతాం. మిమ్మల్ని కుర్చీలో మోసుకెళ్తాం. కళ్ళారా చూద్దురుగాని."

"నా కోసం ఆయన్ని ముందే పుట్టిస్తారా ఫాదర్?"

"చూడకుండానే... ఏమన్నా అయితే?"

"అయితే ఎదురెళ్తాను. ఆయన ఇటు వస్తుంటాడు, నేను అటు పోతుంటాను. దారిలో కనపడడా? నెలలు నిండనివ్వండి ఆయనకి."

శుక్రవారం పొద్దున్నే ఆమె పోయింది, నాలుగో ఆదివారానికి రెండు రోజుల ముందు. గురువారం మధ్యాహ్నం నన్ను పిలిచి, సూది గుచ్చి ఉన్న ఆ గుడ్డ నా చేతిలో పెట్టింది.

"నాలుగోది నువ్వు కుట్టు."

"నా కుట్టు వంకరని పదిమందిలో అన్నావు కదా వదినా."

"ఇప్పుడూ అంటున్నా. వంకరగానే కుట్టు. నేను పోయానని గాభరాపడి ముందే కుట్టేశావో, ఊరుకోను. ఆదివారం కొవ్వొత్తి వెలిగేదాకా సూది ముట్టుకోకు."

"ఈలోగా హెడ్మాస్టరు గారొచ్చి బొమ్మ ఏదీ, గుడ్డ ఏదీ అంటే?"

ఆమె కళ్ళు మూసుకునే నవ్వింది.

"ఆగమను."