పచ్చ జెండా ఊపితేగానీ కదలని తేరు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు జనవరిలో విద్యుత్ శాఖ నన్ను కడప నుంచి కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఒక సెక్షనుకు బదిలీ చేసింది. నా హోదా అసిస్టెంట్ ఇంజనీరు, వాడుకలో ఏఈ. నా కింద ఒక సబ్ ఇంజనీరు, ఎనిమిది మంది లైన్‌మన్లు, ఇరవై రెండు ఊళ్ళు, స్టార్టయితే ఆగని, ఆగితే స్టార్టవని ఒక జీపు ఉండేవి.

నేను దేవుణ్ణి నమ్మను. పాతికేళ్ళ వయసు నుంచీ ఇంతే. దసరాకు జీపుకు నిమ్మకాయలు కట్టనిచ్చేవాణ్ణి కాదు. ఆఫీసులో ఆయుధపూజ చేస్తే ఆ పూటకు సెలవు పెట్టేవాణ్ణి. మా ఆవిడ మాత్రం నా నాస్తికత్వాన్ని ఏనాడూ లెక్కచేయలేదు. పండగ వద్దంటారు, పండగనాటి బొబ్బట్లు మాత్రం రెండో వాయి కూడా అడుగుతారు అని చుట్టాల ముందు ఎత్తిపొడిచేది. బొబ్బట్టుకు మతం లేదన్నది నా సమాధానం. ఆ సమాధానం ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

చేరిన రెండు నెలలకు గుండ్లహాళు అనే ఊరి నుంచి బసప్ప వచ్చాడు. తేరు పెద్ద ఆయనే. డెబ్బై ఏళ్ళ మనిషి, తెల్ల రుమాలు, చేతిలో పసుపు పూసిన పిలుపు కాగితం. శ్రీరామనవమి నాడు వాళ్ళ ఊళ్ళో ఆంజనేయస్వామికి తేరు లాగుతారు. ఆ తేరు బజారు దాటే చోట పైన పదకొండు వేల ఓల్టుల తీగ ఉంది. తేరు మీది కలశానికీ తీగకూ మధ్య మూరెడు ఖాళీ కూడా ఉండదు. ఇంతకుముందున్న ఏఈలు ఏం చేసేవాళ్ళని అడిగాను. ఫోన్ చేస్తే కరెంటు తీసేవాళ్ళు, మేం లాగేస్తాంటిమి అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మా శాఖలో అట్లా కరెంటు తీయకూడదు. దానికొక పద్ధతి ఉంది, లైన్ క్లియర్ అంటారు. బాధ్యుడైన మనిషి సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి, ఫలానా ఫీడరు ఆపమని అడగాలి. ఫీడరంటే సబ్‌స్టేషను నుంచి బయలుదేరే ఒక లైను. అక్కడి ఆపరేటరు దాన్ని ఆపి, పుస్తకంలో రాసి, ఒక నంబరు చెప్తాడు. అంతటితో అయిపోలేదు. పని జరిగే చోట ఎర్త్ కడ్డీకి కట్టిన రాగి తాడు ఒక కొసను భూమికి బిగించి, కడ్డీ ఉన్న రెండో కొసను పొడుగాటి కర్రతో తీగకు తగిలించాలి. తీగలో పొరపాటున కరెంటు ఉంటే అది భూమిలోకి దిగిపోయి ఫీడరు ఆగిపోతుంది. అప్పుడుగానీ ఆ తీగ చచ్చినట్టు నమ్మకూడదు. మా ఉద్యోగంలో నేను నమ్మిన ఏకైక సత్యం ఈ కడ్డీ.

అందుకని ఆ ఏడు నేనే పోయాను. పండక్కి కాదు, డ్యూటీకి అని లైన్‌మన్ ఖాజాకు దారి పొడుగునా చెప్పాను. ఖాజా నవ్వాడు. "నాకు దేవుడు ఒక్కడే సార్, పండగలు మాత్రం అన్నీ నావే" అన్నాడు. బజారులో తీగకు పది గజాల ఇవతల సున్నంతో గీత గీయించాను. ఖాజా అందరి ముందూ కడ్డీ తగిలించాలి, తర్వాత నేను పచ్చ జెండా ఊపాలి, అంతవరకూ తేరు గీత దాటకూడదని మైకులో చెప్పాను. ఎవరు తొందరపెట్టినా కదలొద్దు, దేవుడు దిగొచ్చి చెప్పినా కదలొద్దు అని కూడా అన్నాను. బసప్ప చాలా శ్రద్ధగా తలూపాడు.

రెండో ఏడు పోయేసరికి సున్నం గీత మీద ముగ్గు వేసి ఉంది. జెండా కర్రకు పసుపు రాశారు. మూడో ఏడు ఎర్త్ కడ్డీకి కుంకుమ బొట్లు, ఖాజా మెడలో బంతిపూల దండ. కడ్డీ తీగకు తగలగానే మేళం మోగింది, ఆడవాళ్ళు హారతి పట్టారు. నేను జెండా ఊపబోతుంటే ఎవరో వెనక నుంచి నా నుదుట బొట్టు పెట్టారు. రెండు చేతులా జెండా పట్టుకున్న మనిషి బొట్టు తుడుచుకోలేడు కదా. ఆ క్షణంలోనే విలేఖరి ఫోటో తీశాడు.

మర్నాడు జిల్లా పేజీలో నేను తేరు ముందు బొట్టుతో, జెండాతో నిలబడి ఉన్నాను. కింద "స్వామివారి సేవలో ఏఈ" అని రాశారు. కర్నూలులో మేము నెలకోసారి కలుసుకునే హేతువాద మిత్రులు ఆ కాగితం కత్తిరించి తెచ్చారు. నమ్మనివాడు పండగలో పాల్గొనవచ్చునా అని ఆ రోజు రెండు గంటలు చర్చ జరిగింది. పాల్గొంటే నమ్మకానికి బలమిచ్చినట్టేనని కొందరు, జనంలో కలవకుండా జనాన్ని మార్చలేమని కొందరు. తీర్మానం ఏమీ కాలేదు. కానీ టీ తాగేటప్పుడు ఒకాయన నన్ను "అయ్యవారూ, తీర్థమేదీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక సురక్షితమైన పద్ధతి నేర్పబోయి ఒక కొత్త పూజ పుట్టించానని ఉక్రోషం వచ్చింది. వచ్చే ఏడు పోకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

నాలుగో ఏడు సబ్ ఇంజనీరు శేషఫణిని పంపాను. పాతికేళ్ళ కుర్రవాడు, శ్రద్ధగలవాడు, కార్తీక మాసమంతా మహానందికి పోయి వచ్చేంత భక్తుడు. తేరు పని అనగానే ముఖం వెలిగిపోయింది. పాత ఫైలు చేతికిచ్చి, ఇందులో ఉన్నట్టే చెయ్యవయ్యా అన్నాను. నేను సెక్షన్ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, పండగనాడు పని చేస్తున్నానన్న తృప్తితో మీటర్ల ఫిర్యాదులు చూసుకుంటున్నాను.

సాయంత్రం నాలుగున్నరకు ఖాజా ఫోన్ చేశాడు. శేషఫణి లైన్ క్లియర్ తీసుకున్నాడు, ఊళ్ళో దీపాలారిపోయాయి, మైకు కూడా ఆగిపోయింది. కరెంటు పోయింది కనబడుతూనే ఉంది, ముహూర్తం దాటిపోతోంది, ఇంక కడ్డీ ఎందుకు, లాగండి అని శేషఫణి చెప్పులు విడిచి తానే ముందుగా తేరు లాగే మోకు పట్టుకున్నాడు. ఊరివాళ్ళు మాత్రం గీత దగ్గర నిలిచిపోయారు. ఖాజా ఫోను బసప్పకిచ్చాడు.

"యాడుండారు సార్? మీరు రాంది తేరు కదలదు" అన్నాడు బసప్ప.

లైన్ క్లియర్ తీసుకున్నారు కదా, కదలండి అన్నాను. ఆ మాట నేనే అన్నాను, దాచిపెట్టడం లేదు. కడ్డీ సంగతి మూడేళ్ళు మైకులో అరిచిన నేనే, కోపంలో కడ్డీ ఊసెత్తకుండా కదలమన్నాను.

"కడ్డీ తగల్లేదు, మీరు జెండా ఊపలేదు. ఎట్ల కదలల్ల సార్?"

"ఏం పిచ్చి ఇది బసప్పా! నేను లేకపోతే మీ దేవుడు కదలడా?"

"దేవుడు కదుల్తాడు సార్. మేమే కదలం."

ఫోన్ పెట్టేసి జీపెక్కాను. ముప్పావు గంట దారి. మూఢనమ్మకాల మీద ఏం మాట్లాడాలో దారంతా కూర్చుకుంటూ పోయాను. ఆ రోజు నేను తయారుచేసుకున్నంత మంచి ఉపన్యాసం జీవితంలో మళ్ళీ తయారుచేయలేదు.

జీపు బజారులోకి మలగగానే జనం ఈలలు వేశారు. రెండు మోకులు పట్టుకుని వందమందికి పైగా నిలబడి ఉన్నారు. తేరు మీద పూజారి, కలశం పక్కన గొడుగు పట్టుకున్న మనిషి. శేషఫణి ముఖం చిన్నబుచ్చుకుని ఉన్నాడు. ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. బసప్ప చెయ్యెత్తి, "ఆ మాటలు పొద్దుగూకినాక వింటాం సార్, ముందు కడ్డీ" అన్నాడు. సరే కానివ్వమన్నాను. ఖాజా కింది కొసను భూమిలో దిగేసిన ఇనుప గూటానికి బిగించాడు, కర్ర ఎత్తి పై కొసను తీగ దగ్గరికి తెచ్చాడు.

భళ్ళున పేలింది. కళ్ళు జిగేల్మన్నాయి, నిప్పురవ్వలు బజారంతా రాలాయి. కర్ర పొడుగాటిది, చేతికి తొడుగులున్నాయి, కింది కొస ముందే బిగించి ఉంది, కాబట్టి ఖాజాకు ఏమీ కాలేదు. కడ్డీ వదిలేసి రెండడుగులు వెనక్కి దూకాడంతే. జనానికి మాత్రం అది వేడుకలో కొత్త భాగమనిపించింది. స్వామి మెరిసినాడు, జై ఆంజనేయా అని ఊరు దద్దరిల్లేలా అరిచారు. మేళంవాళ్ళు కూడా అందుకున్నారు. అంత సంబరంలో ముగ్గురమే కొయ్యబారిపోయి ఉన్నాము, నేను, ఖాజా, శేషఫణి.

నా ఫోన్ మోగింది. కొత్త సబ్‌స్టేషను ఆపరేటరు. పంపుసెట్ల ఫీడరు ట్రిప్పయింది సార్ అన్నాడు. ట్రిప్పవడమంటే దెబ్బ తగిలి దానంతటదే ఆగిపోవడం. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. రెండు నెలల కిందట బజారు మీది తీగను పాత ఫీడరు నుంచి తీసి, కొత్తగా కట్టిన సబ్‌స్టేషను నుంచి పొలాల పంపుసెట్లకు పోయే కొత్త ఫీడరుకు కలిపాము. కాంట్రాక్టరు మనుషుల చేత కలిపించింది నేనే. ఊరి ఇళ్ళన్నీ పాత ఫీడరు మీదే ఉండిపోయాయి. శేషఫణి పాత ఫైలు చూసి పాత ఫీడరు ఆపించాడు. దీపాలారిపోయాయి, తీగ మాత్రం బతికే ఉంది. ఆ మార్పు నేను ఫైలులో ఎక్కించలేదు, నోటితోనూ చెప్పలేదు. నేనే పోయి ఉంటే ఫీడరు పేరు చెప్పేటప్పుడే గుర్తొచ్చేది. బొట్టు పెడతారన్న భయంతో ఇంత మందిని బతికున్న తీగ కిందికి పంపబోయాను. మోకు పట్టుకున్న మొదటి మనిషి శేషఫణే. తేరు చక్రం పట్టుకుని నిలబడ్డాను. అది చూసి జనం మళ్ళీ జై కొట్టారు.

కొత్త ఫీడరుకు లైన్ క్లియర్ తీసుకున్నాను. ఆపరేటరు చేత నంబరు రెండుసార్లు చెప్పించుకున్నాను. ఖాజా మళ్ళీ కడ్డీ ఎత్తాడు. ఈసారి ఏమీ కాలేదు. స్వామి మెరవలేదని కొందరికి నిరాశ కలిగింది కూడా. నేను జెండా ఊపాను, తేరు బజారు దాటింది.

దాటాక బసప్ప నన్ను పక్కకు పిలిచాడు. "ఇన్నేండ్లు మెరవంది ఈ ఏడు ఎందుకు మెరిసె సార్?" అని మెల్లగా అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాది, కుర్రవాడిది కాదని కూడా చెప్పాను. మరి ముందే ఎందుకు రాలేదని ఆయన అడిగాడు.

"బొట్టు పెడుతున్నారని, మొక్కమంటారని రాలేదు బసప్పా" అన్నాను.

"మిమ్మల్ని మొక్కమని ఎవరన్నారు సార్? మీరు దేవుణ్ణి నమ్మరని ఊరందరికీ తెల్సు. నమ్మేటోళ్ళు ఈడ శానామంది ఉండారు. తీగను నమ్మనోడు మీరొక్కరే. అందుకే మిమ్మల్ని రమ్మనేది."

నాకు సిగ్గేసింది. దారిలో కూర్చుకున్న ఉపన్యాసంలో ఒక్క వాక్యం కూడా గుర్తు రాలేదు. ఎవరో గ్లాసు చేతికిస్తే పానకం తాగి, పచ్చి మామిడి కలిపిన వడపప్పు తిని, చీకటి పడకముందే బయలుదేరాను.

ఆ వారం డివిజనల్ ఇంజనీరుకు సంజాయిషీ రాసుకున్నాను. ప్రమాదం తప్పడానికి కారణం అన్న చోట "కడ్డీ తగిలించేదాకా తేరు కదపకూడదన్న ఊరి ఆచారం" అని రాశాను. ఆయన "ఊరి ఆచారం" కొట్టేసి ఎర్ర సిరాతో "శాఖ నిబంధన" అని దిద్దారు. నాకొక ఇంక్రిమెంటు ఆపారు. అది న్యాయమే. శేషఫణి మీద ఏమీ రాకుండా చూసుకున్నాను. కర్నూలు మిత్రులకు జరిగింది చెప్తే, వాళ్ళు దాన్ని మళ్ళీ చర్చకు పెట్టారు. ఈసారి రెండు గంటలు సరిపోలేదు.

పదవీ విరమణ దాకా ఇంకో రెండు తేర్లకు పోయాను. బొట్టు పెట్టించుకున్నాను, ఇంటికొచ్చి కడుక్కున్నాను. దేవుణ్ణి అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నమ్మనివాళ్ళు పండగకు పోవాలా వద్దా అని నన్నడిగితే, ఆ పండగలో మీ పని ఏమైనా ఉందా అని ముందు అడుగుతాను. ఉంటే పోవాలి. నేను ఆఫీసులో కూర్చుని కాపాడుకున్నది నా పేరు ఒక్కటే. ఆ రోజు ప్రమాదంలో ఉన్నది నా పేరు కాదు.