ఖాళీ గడిలో రెండక్షరాలు

త్రివేణికి భయపడటం బాగా అలవాటు. అమెరికాలోని నేపర్‌విల్ వచ్చిన తొమ్మిదేళ్ళలో, పోస్టులో వచ్చిన కవరు చేతిలోకి తీసుకోగానే అది వీసా ఆఫీసుదో కరెంటు బిల్లో మందం చూసి చెప్పేసేంత ప్రవీణురాలైంది. ఇంట్లో ఉద్యోగం ఆమె ఒక్కదానిదే. భర్త నీరజ్‌కి పనిచేసే పర్మిట్ లేదు, కూతురు ఇషితకి ఏడేళ్ళు. వీసా పొడిగింపు నాలుగు నెలలుగా పెండింగ్. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో పెట్టే బేడా సర్దుకోవాలి. ఇంతటి పిరికిది ఆ ఒక్క రోజు అంత తెగింపు ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆమె పనిచేసే చిన్న కంపెనీ, ఇంగ్లండ్‌లో వాల్వులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చింది. బ్రెగ్జిట్ అంటే ఏమిటని నీరజ్ అడిగితే, అన్నదమ్ములు వేరుపడటం అని చెప్పేది త్రివేణి. ఉమ్మడిగా ఉన్నన్నాళ్ళూ ఈ గదిలో గిన్నె ఆ గదిలోకి వెళ్ళినా అడిగేవాడు లేడు. మధ్యలో గోడ లేచాక మాత్రం ఆ గిన్నె ఎక్కడ చేశారు, కాగితం ఏది అంటారు. అలాగే 2021 జనవరి నుంచి ఆ ఫ్యాక్టరీ ఫ్రాన్స్‌కి పంపే ప్రతి సరుకుకీ అది ఏ దేశంలో తయారైందో రాయాల్సి వచ్చింది. ఆ కాగితాలు తీసేది త్రివేణి ప్రోగ్రామే.

డిసెంబరులో డెమోకి ఇరవై నిమిషాల ముందు, 'తయారైన దేశం' గడి ఖాళీగా ఉందని స్క్రీనంతా ఎర్రగా అయిపోయింది. సాఫ్ట్‌వేర్ జనం అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. ఇప్పటికిలా పెడదాం, తర్వాత తీసేద్దాం అనుకుని, గడి ఖాళీగా ఉంటే జీబీ, అంటే బ్రిటన్, అని దానంతటదే పడేలా ఒక లైను రాసింది. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం! డెమో బ్రహ్మాండంగా నడిచింది. ఆ 'తర్వాత' మాత్రం రాలేదు.

జనవరి మూడో మంగళవారం పొద్దున కబురొచ్చింది. ఫ్రాన్స్ రేవులో లారీని ఆపేశారు. వాల్వులు పోత పోసేది తైవాన్‌లో. ఇంగ్లండ్‌లో జరిగేది సానపట్టి డబ్బాల్లో సర్దడమే. కాగితం మీదేమో బ్రిటన్ అని ఉంది, బ్రిటన్ సరుకుకైతే సుంకం లేదు. ఫ్యాక్టరీ యజమాని దోషిని అప్పుడే తేల్చేశాడు. కాగితాలు పంపే గుమాస్తా మార్గరెట్, ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ఏడాదిలో రిటైర్మెంట్. శుక్రవారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఇంటికి పంపేస్తానన్నాడు.

 అది తన లైనేనని త్రివేణికి వెంటనే తెలిసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే లాప్‌టాప్ మూసేసి దానిమీద చెయ్యి పెట్టుకు కూర్చుంది.

ఆమె మేనేజరు మల్లికార్జునరావు ఫోన్ చేశాడు. పెద్దవాడు, ఆమెని సొంత చెల్లెల్లా చూసుకునేవాడు.

"అమ్మా త్రివేణీ, క్లయింట్ సైడ్ మిస్టేక్ అని రిపోర్ట్ రాసెయ్. నీ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, మర్చిపోకు."

సరే రావు గారూ అంది. అనకేం చేస్తుంది? పక్క గదిలో ఇషిత ఆన్‌లైన్ క్లాసులో పాట పాడుతోంది.

ఆ రిపోర్టు కోసమే మార్గరెట్‌తో వీడియో కాల్ పెట్టుకుంది. ఆవిడ నిందించి ఉంటే బాగుండేది. ఆవిడ క్షమాపణ అడిగింది. బటన్ నొక్కింది నేనే కదా, ఆ గడి చూసుకోవాల్సింది, నీకు శ్రమ ఇచ్చాను తల్లీ అంది. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ ఆ కాగితాన్నే మళ్ళీ మళ్ళీ సరిచూసుకుంటోంది. ఆ భయం త్రివేణికి పరాయిది కాదు.

కాల్ అయ్యాక, తప్పు దిద్దుదామని ప్రోగ్రాం తెరిచి ఆ లైను చెరిపేసింది. చెరిపేముందు చూస్తే దాని పక్కన రాసినవారు త్రివేణి అనీ, దాని కిందే తనిఖీ చేసినవారు మల్లికార్జునరావు అనీ ఉంది. గ్రీన్‌కార్డు కోసం పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి. ఆయన భయపడింది ఆమె ఒక్కదాని కోసమే కాదన్నమాట. ఆమెకి కోపం రావాల్సింది, జాలేసింది.

నీరజ్‌కి అంతా చెప్పింది.  "సూట్‌కేసులు గరాజ్‌లో పైన ఉన్నాయి, దింపాలంటే దింపుతా. ముందు ఆ మెయిల్ పంపు" అన్నాడు. ఫ్యాక్టరీకీ తన కంపెనీకీ కలిపి నాలుగు వాక్యాలు రాసింది. తప్పు నాది, మార్గరెట్‌ది కాదు అంది. రావు గారి పేరు ఎత్తలేదు. పంపాక బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.

దిద్దిన కాగితాలతో, సుంకం కట్టించుకుని, గురువారం లారీని వదిలారు. మార్గరెట్ ఉద్యోగం నిలబడింది. అదే రోజు మధ్యాహ్నం త్రివేణికి హెచ్ఆర్ నుంచి మీటింగ్ ఇన్వైట్ వచ్చింది. శుక్రవారం పదింటికి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తెరిచింది. సంజాయిషీ ఇవ్వాల్సినవాళ్ళు అన్నచోట రెండు పేర్లున్నాయి. రెండోది రావు గారిది.

వెంటనే ఆయనకి ఫోన్ చేసింది. మీ పేరెవరు చెప్పారు, నేను రాయలేదే అంది.

"నేనే చెప్పానమ్మా" అన్నాడు.  "నాకూ చచ్చేంత భయంగా ఉంది. రేపు నువ్వు ముందు జాయిన్ అవ్వకు. ఇద్దరం ఒకేసారి అవుదాం."